ఇద్దత్ ముగిసేదాకా ఇల్లు ఆమెదే

మన కుటుంబాల్లో కాపురం చెడటం తలాఖ్ అనే మాటతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పెట్టె సర్దడంతో మొదలవుతుంది. ఏదో ఒక మాట పట్టింపు వస్తుంది. "మీ అమ్మీవాళ్ళ ఇంటికి పోయి కొన్నాళ్ళు ఉండిరా" అంటాడు భర్త. లేదంటే అమ్మాయి అబ్బాజానే వచ్చి, "మా బిడ్డ మాకు బరువు కాదు" అని వెంటబెట్టుకు పోతాడు. ఆ తర్వాత ముందుగా ఎవరు ఫోన్ చేయాలన్నది పంతమైపోతుంది. రంజాన్ వచ్చి పోతుంది, బక్రీద్ వచ్చి పోతుంది. వాళ్ళు పిలవలేదని వీళ్ళు, వీళ్ళు రాలేదని వాళ్ళు కూర్చుంటారు. ఏడాది గడిచాక విషయం మస్జిద్ కమిటీ ముందుకు వచ్చేసరికి ఇద్దరి మనసులూ రాయిలా మారిపోయి ఉంటాయి. అప్పుడు పెద్దలు చేయగలిగింది జహేజ్ సామాను లెక్క చూడటం ఒక్కటే.

తలాఖ్ గురించి మన సమాజంలో ఎన్నో ఏళ్ళుగా చర్చ జరుగుతోంది. మూడుసార్లు అంటే ఒకటా మూడా, ఫోనులో చెబితే ఏమవుతుంది, కోర్టు ఏమన్నది, ప్రభుత్వం ఏమన్నది అని గంటలకొద్దీ వాదించుకుంటాం. కానీ తలాఖ్ చెప్పాక ఆమె ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఎవరూ వేయరు. దివ్య ఖుర్‌ఆన్ మాత్రం ఆ ప్రశ్నకు మొదటి వరుసలోనే జవాబు చెప్పింది.

ఖుర్‌ఆన్ ఏమంటోంది?

65వ సూరా పేరే సూరయె తలాఖ్. అందులో ఉన్నవి 12 ఆయతులు. మొదటి ఆయతులోనే అల్లాహ్ తన ప్రవక్త (స)ను సంబోధించి ఇచ్చిన ఆదేశాల సారాంశం ఇది: తలాఖ్ ఇచ్చేటప్పుడు ఇద్దత్‌ను దృష్టిలో పెట్టుకుని ఇవ్వాలి. ఇద్దత్ రోజులను జాగ్రత్తగా లెక్కపెట్టాలి. ఆ స్త్రీలను ఇళ్ళలోనుంచి వెళ్ళగొట్టకూడదు. వారు కూడా తమంతట తాము వెళ్ళిపోకూడదు. స్పష్టమైన అశ్లీల కార్యానికి పాల్పడితే తప్ప ఈ నియమానికి మినహాయింపు లేదు. ఇవి అల్లాహ్ నిర్ణయించిన హద్దులు. వీటిని దాటినవాడు తనకు తానే అన్యాయం చేసుకున్నట్టు. ఆ ఆయతు చివర కారణం కూడా ఉంది. ఆ తర్వాత అల్లాహ్ ఏదైనా కొత్త పరిస్థితి కల్పిస్తాడేమో మనిషికి తెలియదు.

ఇక్కడ ఒక్క మాటను జాగ్రత్తగా గమనించాలి. ఆ ఇల్లు భర్త కట్టించినదే కావచ్చు, భర్త అద్దె కట్టేదే కావచ్చు. అయినా అల్లాహ్ దాన్ని భర్త ఇల్లు అనలేదు. 'బుయూతిహిన్న' అన్నాడు, అంటే ఆ స్త్రీల ఇళ్ళు. తలాఖ్ మాట వెలువడిన తర్వాత కూడా ఆ ఇల్లు ఆమెదేనని ఖుర్‌ఆన్ అంటుంటే, చిన్న తగాదాకే "నా ఇంట్లోంచి పో" అనే హక్కు మనకెక్కడిది?

అదే సూరా 6వ ఆయతులో మరింత వివరం ఉంది. మీ స్థోమతను బట్టి మీరు ఉండేచోటనే వారిని ఉంచాలి. వారికి ఊపిరాడకుండా చేసి బాధపెట్టకూడదు. గర్భవతి అయితే కాన్పు అయ్యేదాకా ఖర్చు భరించాలి. బిడ్డకు పాలిస్తే దానికీ ప్రతిఫలం ఇవ్వాలి. కలిగినవాడు తన కలిమిని బట్టి, లేనివాడు తనకున్నదాన్ని బట్టి ఖర్చు పెట్టాలని 7వ ఆయతు చెబుతోంది. బీదవాడినన్న సాకు కూడా ఇక్కడ చెల్లదు.

ఆ మూడు నెలల్లో ఏం జరగాలి?

ఫిఖ్హ్ గ్రంథాల్లో తలాఖ్‌కు అన్నిటికన్నా మంచి పద్ధతిగా చెప్పిన దాన్ని తలాఖె అహ్‌సన్ అంటారు. భార్య నెలసరి ముగిసి పరిశుద్ధంగా ఉన్న రోజుల్లో, ఆ మధ్యలో దాంపత్య సంబంధం లేకుండా, ఒకే ఒక్కసారి తలాఖ్ చెప్పి ఊరుకోవాలి. అక్కడినుంచి ఇద్దత్ లెక్క మొదలవుతుంది. మన హనఫీ మస్లక్ ప్రకారం అది మూడు నెలసరులు. నెలసరి లేనివారికి మూడు నెలలు, గర్భవతికి ప్రసవం దాకా. ఈ గడువులో భర్త ఎప్పుడైనా రుజూ చేసుకోవచ్చు. కొత్త నికాహ్ అక్కరలేదు, కొత్త మెహర్ అక్కరలేదు. "నిన్ను తిరిగి స్వీకరించాను" అన్నా చాలు, భార్యగా భావించి దగ్గరైనా చాలు. అయితే రుజూ చక్కదిద్దుకునే ఉద్దేశంతోనే ఉండాలనీ (2:228), పీడించడానికి ఆమెను అట్టిపెట్టుకోవడం దౌర్జన్యమనీ (2:231) ఖుర్‌ఆన్ హెచ్చరించింది.

ఇప్పుడు ఆలోచించండి. భర్త ఒక ఊరిలో, భార్య ఇంకో ఊరిలో ఉంటే ఈ మూడు నెలలకు అర్థమేముంది? ఒకే ఇంట్లో ఉంటే పొద్దున్నే ఛాయ్ పెట్టే చేతిని అతడు చూస్తాడు. రాత్రి బిడ్డకు జ్వరం వస్తే ఇద్దరూ లేస్తారు. కోపంలో అన్న మాట ఎంత బరువైనదో ఆ ఇంట్లో, ఆ గోడల మధ్యనే తెలిసివస్తుంది. పుట్టింటికి పంపేస్తే అతని చెవిలో తన వాళ్ళ మాటలే పడతాయి, ఆమె చెవిలో ఆమె వాళ్ళ మాటలే పడతాయి. మనసు మారడానికి అల్లాహ్ ఇచ్చిన అవకాశాన్ని మనమే మూసేస్తున్నాం.

హిదాయా, కుదూరీ వంటి కితాబులు చదివిన ప్రతి తాలిబె ఇల్మ్‌కూ ఇద్దత్ ఎన్నాళ్ళో కంఠతా వచ్చు. భర్త ఎంత గడువులోగా రుజూ చేసుకోవాలో కూడా చెప్పగలడు. కానీ జుమా ఖుత్బాల్లో, నికాహ్ మజ్లిసుల్లో ఇద్దత్ కాలపు నివాసం గురించి మాట్లాడేవారు అరుదు. ఆయతు చదువుతున్నాం గానీ ఆచారంలోకి తేలేదు.

"వాడి గడపలో మా బిడ్డ ఎందుకుండాలి?"

ఈ మాట అమ్మాయి తల్లిదండ్రులనుంచి వస్తుంది. అందులో బాధ ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. తలాఖ్ మాట విన్నాక కూడా అదే ఇంట్లో అన్నం తినడం ఏ స్త్రీకీ తేలిక కాదు. కానీ బయటికి వచ్చేస్తే ఎవరికి లాభమో చూడండి. ఖర్చు భారం భర్త నెత్తినుంచి దిగి పుట్టింటివారి మీద పడుతుంది. "తనే వెళ్ళిపోయింది, నేను పంపలేదు" అని అతడు పెద్దల ముందు చెప్పుకుంటాడు. ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది కాబట్టి రుజూ చేసుకోవాలని ఉన్నా నామోషీ అడ్డం వస్తుంది. ఆమె అక్కడ ఉండటం భర్త దయ కాదు, అల్లాహ్ ఇచ్చిన హక్కు. ఆ హక్కును మన రోషంతో మనమే వదులుకోవడం బిడ్డకు చేసే మేలు కాదు.

మరి కొట్టే భర్త అయితే? ప్రాణభయం ఉంటే? అప్పుడు ఈ నియమాన్ని చూపించి ఏ స్త్రీనీ ఆ ఇంట్లో కట్టిపడేయడానికి వీల్లేదు. ప్రాణానికీ మానానికీ ముప్పు ఉంటే ఇల్లు మారవచ్చని ఫుఖహా స్పష్టంగా రాశారు. హజ్రత్ ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి)కు తిరుగులేని తలాఖ్ అయినప్పుడు, ఆమె ఇద్దత్‌ను అంధుడైన సహాబీ హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఇంట గడపాలని దైవప్రవక్త (స) చెప్పారు. ఆమె ఉన్నచోటు భద్రమైనది కాదన్న కారణం కూడా హదీసుల్లో కనిపిస్తుంది. తిరుగులేని తలాఖ్ అయిన స్త్రీకి నివాసం, భరణం ఉన్నాయా లేవా అన్నదానిపై ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) మాటను అనుసరించి మన హనఫీ మస్లక్ రెండూ ఉన్నాయంటుంది. కాకపోతే అప్పుడు ఇద్దరి మధ్య పర్దా పాటించాలి. రుజూ చేసుకోదగిన తలాఖ్ విషయంలో మాత్రం నలుగురు ఇమాములదీ ఒకటే మాట. భద్రత లేని ఇల్లయితే భర్త ఖర్చుతో వేరే చోట ఉంచాలి. బాధ్యత మాత్రం ఎక్కడికీ పోదు.

తలాఖ్ లేదు, కాపురమూ లేదు

2017 ఆగస్టు 22న సుప్రీం కోర్టు షాయరా బానో కేసులో ఒకేసారి చెప్పే ముమ్మారు తలాఖ్‌ను 3–2 మెజారిటీతో కొట్టివేసింది. 2019లో పార్లమెంటు చట్టం చేసి, నోటితో చెప్పినా, రాసినా, ఫోనులో పంపినా అలాంటి తలాఖ్ చెల్లదనీ, చెప్పిన భర్తకు మూడేళ్ళ దాకా జైలుశిక్ష ఉంటుందనీ నిర్ణయించింది. ఆ శిక్ష సబబా కాదా అన్న చర్చ వేరు. పద్ధతి ప్రకారం ఒక్కసారి చెప్పి ఇద్దత్ పాటించే తలాఖ్‌ను ఆ చట్టం తాకలేదు. సహేతుకమైన కారణం ఉండాలనీ, ముందుగా ఇరువైపులా మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరగాలనీ సుప్రీం కోర్టు 2002లోనే షమీమ్ ఆరా కేసులో చెప్పింది. సూరయె నిసా 35వ ఆయతు చెప్పింది కూడా ఇదే. అతని వైపునుంచి ఒక మధ్యవర్తి, ఆమె వైపునుంచి ఒక మధ్యవర్తి ఉండాలి.

కానీ కొందరు మగవాళ్ళు ఇంకో దారి పట్టారు. "తలాఖ్ అంటే కేసు అవుతుంది. అసలేమీ అనకుండా పుట్టింట వదిలేస్తే సరి" అనుకుంటున్నారు. అటు భార్యగా ఏలుకోరు, ఇటు విడిచిపెట్టరు. స్త్రీని ఇలా నడిమధ్య వేలాడదీసి వదలకండని సూరయె నిసా 129వ ఆయతు మందలించింది. ఒకరికి మించి భార్యలున్న సందర్భంలో వచ్చిన ఆదేశమైనా అది మనకు నేర్పే నీతి ఒకటే. చట్టానికి దొరకనంత మాత్రాన అల్లాహ్ లెక్కకు దొరకమని అనుకోవడం అవివేకం.

దూరదేశాల లెక్క

ఇతర చట్టాల్లో కూడా విడాకులకు ముందు గడువులున్నాయి. మన దేశంలో హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకుని విడాకులు కోరాలంటే కనీసం ఏడాది విడిగా జీవించి ఉండాలి. దరఖాస్తు పెట్టాక సాధారణంగా మరో ఆరు నెలలు ఆగాలి. తగిన సందర్భాల్లో ఈ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీం కోర్టు చెప్పింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోనూ ఏడాది ఎడబాటు షరతు ఉంది.

మన పిల్లలు చాలామంది స్థిరపడిన అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. టెక్సాస్‌లో దావా వేయాలంటే దంపతుల్లో ఒకరు ఆ రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు నివసించి ఉండాలి. దావా వేశాక సాధారణంగా 60 రోజులు ఆగాలి. నార్త్ కరోలినాలో ఒకరు 6 నెలలు నివసించి ఉండటంతోపాటు ఇద్దరూ ఏడాదిపాటు వేర్వేరు ఇళ్ళలో ఉండాలి. నివాసం షరతును అడ్డం పెట్టుకుని మోసం చేసినవాళ్ళూ ఉన్నారు. మిస్సోరి రాష్ట్రంలో 90 రోజులు ఉన్నానని చూపి భర్త తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని, ఒక తెలుగు దంపతుల కేసులో 1991లో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. అతడు నిజంగా అక్కడ స్థిరపడలేదు, భార్య ఆ కోర్టు అధికారానికి లోబడలేదు. కాబట్టి అక్కడున్న మన పిల్లలు వకీలునూ అడగాలి, ఆలిమునూ అడగాలి. కోర్టు కాగితం వచ్చిందని ఇద్దత్‌ను, మెహర్‌ను మరచిపోకూడదు.

ఈ చట్టాలన్నీ తొందరపాటుకు కళ్ళెం వేయాలనే గడువు పెట్టాయి. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే వాటికీ షరీఅత్‌కూ ఒక తేడా ఉంది. ఆ చట్టాల్లో కొన్ని కొంతకాలం ఎడంగా ఉన్నామని చూపించి రమ్మంటాయి. ఖుర్‌ఆన్ మాత్రం తలాఖ్ మాట అన్న తర్వాత కూడా ఒకే కప్పు కింద ఉండమంటుంది. ఇంత విలువైన ఏర్పాటు మన చేతిలో ఉండగా, మనం చేస్తున్నది ఏమిటంటే ఏళ్ళ తరబడి గడువూ లెక్కా లేని ఎడబాటు.

నిరీక్షణకు హద్దుంది

ఎడబాటుకు ఇస్లాం ఎప్పుడూ హద్దు పెట్టింది. అజ్ఞాన కాలపు అరబ్బులు భార్య దగ్గరికి వెళ్ళమని ఒట్టు పెట్టుకుని ఏళ్ళ తరబడి వారిని బాధపెట్టేవారు. ఖుర్‌ఆన్ (2:226) దానికి నాలుగు నెలల గడువు విధించింది. ఆలోగా మనసు మార్చుకోకపోతే హనఫీ మస్లక్ ప్రకారం తలాఖ్ పడిపోతుంది. యుద్ధానికి వెళ్ళిన సైనికులను కూడా భార్యలకు ఎక్కువకాలం దూరంగా ఉంచవద్దని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించారు. ఆ గడువు నాలుగు నెలలని ఒక ఉల్లేఖనం, ఆరు నెలలని మరొకటి. గల్ఫ్‌కు వెళ్ళి ఫోన్ కూడా చేయని భర్తల తల్లిదండ్రులు ఈ మాట మననం చేసుకోవాలి.

భర్త ఆచూకీ లేని స్త్రీల విషయంలో హనఫీ ఫిఖ్హ్ పాత అభిప్రాయం చాలా కఠినంగా ఉండేది. అతని ఈడువాళ్ళు చనిపోయే దాకా ఆమె ఎదురుచూడాలన్నారు. బ్రిటిష్ పాలనలో ఆ బాధ పడలేక కొందరు స్త్రీలు మతం మారడానికి కూడా సిద్ధపడ్డారు. అప్పుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 'అల్ హీలతున్ నాజిజా' గ్రంథంలో మాలికీ మస్లక్ అభిప్రాయాన్ని తీసుకుని దారి చూపించారు. ఆ కృషి వెనుక ఉండగా 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త ఆచూకీ నాలుగేళ్ళుగా లేకపోయినా, రెండేళ్ళు పోషించకపోయినా, సరైన కారణం లేకుండా మూడేళ్ళు దాంపత్య ధర్మం నెరవేర్చకపోయినా, క్రూరంగా హింసించినా భార్య కోర్టునుంచి రద్దు పొందవచ్చు. అంటే స్త్రీని వేలాడదీయకూడదని మన ఉలమా ఎప్పుడో గుర్తించారు.

ఖులా కూడా స్త్రీకి ఉన్న మార్గమే. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదని తీర్పు చెప్పింది. హనఫీ ఫిఖ్హ్‌లో ఖులా ఇద్దరి ఒప్పందంతో జరిగేది కాబట్టి ఆలిములు ఈ విషయాన్ని చర్చించుకోవలసి ఉంది. కానీ భార్య కాపురం వద్దని వేడుకుంటున్నా ఏళ్ళ తరబడి ఒప్పుకోని భర్తలు లేకపోతే ఈ సమస్య కోర్టు మెట్లెక్కేదే కాదు.

నివాసం హక్కు, భరణం హక్కు దేశ చట్టంలోనూ ఉన్నాయి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ప్రకారం, ఇల్లు ఆమె పేరిట లేకపోయినా భార్యకు తాను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కుంది. ఇది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. విడాకులు పొందిన స్త్రీ భవిష్యత్తుకు కావలసిన ఏర్పాటును ఇద్దత్ లోపలే చేయాలని 2001లో దానియల్ లతీఫీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. తెలంగాణనుంచే వెళ్ళిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సాధారణ చట్టం కింద కూడా భరణం కోరవచ్చని 2024 జూలైలో తీర్పు వచ్చింది. బయటి కోర్టులు మన విషయాల్లో జోక్యం చేసుకుంటున్నాయని బాధపడేవారు ఒక్కమాట ఆలోచించాలి. 65వ సూరా మొదటి ఆయతును మన ఇళ్ళలో అమలు చేసి ఉంటే ఈ కేసుల్లో ఎన్ని కోర్టుదాకా వెళ్ళేవి?

జమాత్ పెద్దలకు మనవి

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పేష్ ఇమాములు, ముతవల్లీలు, ఖాజీ సాహెబులు పూనుకుంటే అవుతుంది.

మొదటిది, పెళ్ళయిన అమ్మాయి అలిగి పుట్టింటికి వచ్చిందని తెలిసిన నెలలోపే ఇరువైపులా చెరొక మధ్యవర్తిని పంపాలి. ఏడాది ఆగి పంచాయతీ పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

రెండోది, తలాఖ్ తప్పనిసరి అయితే ఒక్కసారే చెప్పించాలి. ఇద్దరు న్యాయవంతులైన సాక్షులుండాలి. తేదీ రాయాలి. ఇద్దత్ ఎప్పుడు ముగుస్తుందో, ఆమె ఏ ఇంట్లో ఉంటుందో, ఖర్చు ఎంతో, బాకీ ఉన్న మెహర్ ఎప్పుడు ఇస్తాడో ఆ కాగితంలోనే రాయాలి.

మూడోది, భర్త గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే ఆమె కాపురమున్న అత్తవారింట్లోనే ఇద్దత్ గడిపే ఏర్పాటు చేయాలి. "మా అబ్బాయి ఇక్కడ లేడు కదా" అనే సాకును పెద్దలు ఒప్పుకోకూడదు.

నాలుగోది, హింస ఉన్న ఇంటికి ఏ ఆడబిడ్డనూ సర్దిచెప్పి పంపకూడదు. అలాంటిచోట భర్త ఖర్చుతో వేరే నివాసం చూపించాలి. అతడు వినకపోతే ఫ్యామిలీ కోర్టు దారి ఆమెకు చెప్పాలి.

అయిదోది, నికాహ్ రోజునే ఖాజీ సాహెబు వరుడికి సూరయె తలాఖ్ మొదటి ఆయతు అర్థం తెలుగులోనూ ఉర్దూలోనూ చదివి వినిపించాలి. శుభమా అని పెళ్ళిలో తలాఖ్ మాట ఎందుకని పెద్దవాళ్ళు అభ్యంతరం చెప్పవచ్చు. ఖర్జూరాలు పంచేలోగా రెండు నిమిషాల్లో చెప్పే ఆ మాట రేపు ఒక ఆడబిడ్డ వీధిలో పడకుండా కాపాడితే, అంతకన్నా శుభం ఏముంటుంది?

ధర్మసమ్మతమైన వాటిలో అల్లాహ్‌కు అత్యంత అప్రియమైనది తలాఖ్ అని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. తప్పనిసరైనప్పుడు కూడా దాన్ని మర్యాదతో చేయమని షరీఅత్ నేర్పింది. పెట్టె సర్దించి గడప దాటించడంలో మర్యాద లేదు.

అల్లాహ్ మన ఇళ్ళలో ప్రేమాభిమానాలను నింపుగాక! కలిసి ఉండలేనివారికి న్యాయంగా, సౌమ్యంగా విడిపోయే బుద్ధిని ప్రసాదించుగాక! నడిమధ్య నిలిచిపోయిన మన ఆడబిడ్డల దారి తెరుచుగాక! ఆమీన్.